కొత్త మెరైన్ ట్యాంక్‌లో నైట్రేట్: నీళ్ళు మార్చాలా, నాచు పెంచాలా, వెనిగర్ పోయాలా?

ఉప్పునీటి చేపల తొట్టి, అంటే మెరైన్ ట్యాంక్, పెట్టి రెండు నెలలైంది. చేపల వ్యర్థం, మిగిలిన మేత కుళ్ళితే ముందు అమ్మోనియా, తర్వాత నైట్రైట్, చివరికి నైట్రేట్ వస్తాయి. అమ్మోనియా సున్నా, నైట్రైట్ సున్నా. క్లౌన్ ఫిష్ జంట హుషారుగా తిరుగుతోంది. నైట్రేట్ కిట్‌లో మాత్రం రంగు వారం వారం ముదురుతోంది. ఎవరినడిగినా తలో మాట చెబుతారు. ఒకరు స్కిమ్మర్ (నురగతో మురికిని లాగే యంత్రం) కొనమంటారు, ఇంకొకరు నాచు పెంచమంటారు, మరొకరు వంటింటి వెనిగర్ పోయమంటారు. షాపులో అడిగితే ఏదో సీసా చేతిలో పెడతారు. వీటిలో చాలావరకు ఎక్కడో ఒకచోట పనిచేసేవే. మీ ట్యాంక్‌కి ఏది సరిపోతుందో తేలాలంటే మాత్రం కొనే ముందు కొన్ని లెక్కలు చూసుకోవాలి.

## ముందు కిట్ సంగతి

సైక్లింగ్ (అమ్మోనియాని, నైట్రైట్‌ని మార్చే బ్యాక్టీరియా స్థిరపడే మొదటి దశ) ఇంకా పూర్తికాని ట్యాంక్‌లో నైట్రేట్ రీడింగ్‌ని నమ్మకండి. మనం వాడే కిట్లు చాలావరకు నైట్రేట్‌ని ముందు నైట్రైట్‌గా మార్చి, ఆ నైట్రైట్‌ని కొలుస్తాయి. నీళ్ళలో అప్పటికే కాస్త నైట్రైట్ ఉంటే రీడింగ్ ఎన్నో రెట్లు ఎక్కువ కనిపిస్తుంది. మూడో వారంలో 100 చూసి కంగారుపడే వాళ్ళలో చాలామంది కథ ఇదే. నైట్రైట్ సున్నాకి వచ్చాక చూసిందే లెక్క.

కిట్ చూపించేది నైట్రేటా, నైట్రేట్‌లోని నైట్రోజన్ మాత్రమేనా అన్నది కూడా పెట్టె మీద చదవండి. నైట్రోజన్ లెక్కలో 5 అంటే నైట్రేట్ లెక్కలో దాదాపు 22. ఈ వ్యాసంలో నైట్రేట్ అంకెలన్నీ నైట్రేట్ లెక్కలోవే, పీపీఎం (లీటరుకు మిల్లీగ్రాములు)లో.

## ఎంత ఉంటే ఎక్కువ?

అమ్మోనియా చేపల్ని చంపుతుంది. నైట్రేట్ అలా కాదు. చేపలు మాత్రమే ఉన్న ట్యాంక్‌లో 30, 40 పీపీఎం ఉన్నా రాత్రికి రాత్రి ఏమీ అయిపోదు. 40 దాటకుండా చూసుకుంటే చాలు. సాఫ్ట్ కోరల్స్ (మెత్తటి పగడాలు), జోవాంతిడ్స్ (గుంపులుగా పెరిగే పగడాల్లాంటి జీవులు) ఉంటే 5 నుంచి 20 మధ్య హాయిగా ఉంటాయి. అక్రోపోరా లాంటి కొమ్మల కోరల్స్‌కి 2 నుంచి 10 మధ్య ఉంచడం మంచిది.

సున్నా మాత్రం లక్ష్యం కాదు. సహజమైన రీఫ్ (పగడపు దిబ్బ) నీళ్ళలో నైట్రేట్ 1 పీపీఎం కన్నా తక్కువే, నిజమే. కానీ అక్కడ కోరల్స్‌కి నిరంతరం ప్లాంక్టన్ అందుతూ ఉంటుంది, మన గాజు పెట్టెలో అందదు. కొత్త ట్యాంక్‌లో నైట్రేట్, ఫాస్ఫేట్ రెండూ సున్నాకి పడితే కోరల్స్ పాలిపోతాయి, ఇసుక మీద గోధుమరంగు జిగురులా డైనోఫ్లాజెలేట్లు అనే సూక్ష్మజీవులు పరుచుకుంటాయి. వాటిని వదిలించుకోవడం 30 పీపీఎం నైట్రేట్‌ని దించడం కన్నా చాలా కష్టం.

## అసలు లెక్క: వారానికి ఎంత పెరుగుతోంది?

ఇవాళ ఎంత ఉంది అన్న అంకె కన్నా వారంలో ఎంత పెరిగింది అన్న అంకె ముఖ్యం. నీళ్ళు మార్చిన మర్నాడు ఒకసారి, మళ్ళీ మార్చే ముందు ఒకసారి కొలవండి. ఆ తేడాయే మీ ట్యాంక్ పెరుగుదల.

అది ఎక్కడి నుంచి వస్తోందో చూద్దాం. 45 శాతం ప్రోటీన్ ఉన్న పొడి మేత 1 గ్రాములో సుమారు 72 మిల్లీగ్రాముల నైట్రోజన్ ఉంటుంది. అదంతా నైట్రేట్‌గా మారితే దాదాపు 320 మిల్లీగ్రాములు, అంటే 100 లీటర్ల ట్యాంక్‌లో 3.2 పీపీఎం. కొంత చేప ఒంటికి పడుతుంది, కొంత నాచు తింటుంది కాబట్టి నిజంగా పెరిగేది అంతకన్నా తక్కువే. అయినా రోజూ చిటికెడు చిటికెడు మేత వారానికి ఎక్కడికి చేరుతుందో దీన్నిబట్టి అర్థమవుతుంది.

ఇప్పుడు నీళ్ళు మార్చడం. వారం వారం ఒకే శాతం మారుస్తూ పోతే నైట్రేట్ ఒక అంకె దగ్గర ఆగుతుంది. పెరుగుదలని మీరు మార్చే భాగంతో భాగిస్తే ఆ అంకె వస్తుంది. వారానికి 3 పీపీఎం పెరిగే ట్యాంక్‌లో 10 శాతం మారిస్తే 30 దగ్గర, 20 శాతం మారిస్తే 15 దగ్గర, 25 శాతం మారిస్తే 12 దగ్గర నిలుస్తుంది. "ప్రతివారం మారుస్తూనే ఉన్నా, తగ్గట్లేదు" అనే వాళ్ళ ట్యాంక్ చాలాసార్లు ఆ ఆగే అంకె దగ్గరే నిలబడి ఉంటుంది. మార్చే శాతం పెంచడమో, మేత తగ్గించడమో చెయ్యాలి. అవి కుదరకపోతేనే మిగతా పద్ధతుల అవసరం.

## ఒక్క చూపులో

| పద్ధతి | పనిచేయడానికి పట్టే సమయం | ఖర్చు స్వభావం | తేడా వస్తే ఏమవుతుంది | ఎవరికి |
|---|---|---|---|---|
| నీళ్ళు మార్చడం | వెంటనే | ఉప్పు, మంచి నీళ్ళు, శ్రమ: నెలనెలా | పెద్దగా ఏమీ కాదు | 150 లీటర్ల లోపు అందరికీ |
| మేత, ఫిల్టర్ శుభ్రత | 2-3 వారాలు | ఏమీ లేదు | ఏమీ కాదు | అందరికీ, ముందుగా |
| స్కిమ్మర్ | పెరుగుదలని తగ్గిస్తుంది, ఉన్నదాన్ని దించదు | ఒకసారి, పెద్ద మొత్తం | పొంగితే నేల తడి | 150 లీటర్లు దాటితే |
| నాచు, రెఫ్యూజియం (నాచు పెంచే వేరే గది) | 4-8 వారాలు | లైటు, స్థలం | నాచు చస్తే తిన్నదంతా నీళ్ళలోకి | సంప్ (కింద పెట్టే అదనపు ట్యాంక్) ఉన్నవాళ్ళకి |
| రాళ్ళు, లోతు ఇసుక | నెలలు | ఒకసారి | కదిపితే విషవాయువు | ట్యాంక్ ఇంకా పెట్టనివాళ్ళకి |
| వెనిగర్ డోసింగ్ | 2-4 వారాలు | చాలా తక్కువ | ప్రాణవాయువు పడిపోయి చేపలు పోవచ్చు | స్కిమ్మర్ ఉండి, రోజూ ఇంట్లో ఉండేవాళ్ళకి |

## నీళ్ళు మార్చడం: ఏ నీళ్ళు అన్నదే ప్రశ్న

చిన్న ట్యాంక్‌కి దీన్ని మించింది లేదు. నైట్రేట్ తగ్గుతుంది, దాంతోపాటు కాల్షియం, ఆల్కలినిటీ (పీహెచ్‌ని నిలబెట్టే గుణం), చిన్నాచితకా ఖనిజాలు మళ్ళీ భర్తీ అవుతాయి. మిగతా ఏ పద్ధతీ ఈ రెండో పని చెయ్యదు.

అయితే పై లెక్కకి ఇంకో అంకె కలపాలి. మీరు పోసే నీళ్ళలోనే 20 పీపీఎం నైట్రేట్ ఉంటే, ఎంత మార్చినా ట్యాంక్ 20 కిందికి రాదు. తెలంగాణలోనూ రాయలసీమలోనూ బోరు నీళ్ళలో నైట్రేట్ ఎక్కువగా ఉండే చోట్లు చాలానే ఉన్నాయి. తాగునీటికి భారతీయ ప్రమాణం పెట్టిన హద్దే లీటరుకు 45 మిల్లీగ్రాములు. అంటే తాగడానికి పాసైన నీళ్ళు కూడా రీఫ్ ట్యాంక్‌కి (కోరల్స్ పెంచే ట్యాంక్‌కి) ఫెయిల్ కావచ్చు.

ఇంట్లో ఆర్‌ఓ ఉందిగా అంటారా? వంటింటి ఆర్‌ఓల్లో చాలావాటికి టీడీఎస్ (నీళ్ళలో కరిగిన లవణాల మొత్తం) అడ్జస్టర్ ఉంటుంది. రుచి కోసం కొంత వడకట్టని నీళ్ళని అది మళ్ళీ కలుపుతుంది. కొన్నింటిలో మినరల్ కార్ట్రిడ్జ్ కూడా ఉంటుంది. పైగా మిగతా లవణాలతో పోలిస్తే నైట్రేట్‌ని ఆర్‌ఓ పొర కాస్త తక్కువగానే ఆపుతుంది. ఇరవై లీటర్ల వాటర్ క్యాన్ల సంగతీ అంతే. ఈ రోజు ప్లాంట్ నుంచి వచ్చిన నీళ్ళలో ఏముందో, వచ్చే వారం ఏముంటుందో ఎవరూ చెప్పలేరు. ఒక టీడీఎస్ మీటర్ కొని, ఆర్‌ఓ తర్వాత మిగిలిన లవణాలని పట్టేసే డీఐ రెసిన్ పెట్టి, సున్నా చూపించే నీళ్ళే వాడండి. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు స్కిమ్మర్ కన్నా ముందు దీని మీద ఖర్చు పెట్టాలన్నది నా అభిప్రాయం.

ఎండాకాలం ఇంకో తిరకాసు. ఆవిరైన నీళ్ళకి బదులు రోజూ లీటరు మంచినీళ్ళు పోస్తాం. అవి 45 పీపీఎం ఉన్న బోరు నీళ్ళయితే వారానికి 7 లీటర్లలో 315 మిల్లీగ్రాములు చేరతాయి. నీళ్ళు ఆవిరైపోతాయి, నైట్రేట్ ట్యాంక్‌లోనే ఉండిపోతుంది. 100 లీటర్ల ట్యాంక్‌కి ఇది ఒక గ్రాము మేత అదనంగా వేసినట్టే. చేపలు తక్కువే ఉన్నా, మేత తక్కువే వేస్తున్నా నైట్రేట్ ఎందుకు పెరుగుతోందో అర్థంకాని ఇళ్ళలో ముందు చూడాల్సింది ఇదే.

ఇక ఉప్పు. లీటరుకు సుమారు 36 గ్రాములు పడుతుంది. 100 లీటర్ల ట్యాంక్‌లో వారానికి 20 శాతం అంటే నెలకి దాదాపు 3 కిలోలు, భరించవచ్చు. 300 లీటర్లకి అదే 20 శాతం అంటే నెలకి 9 కిలోలు దాటుతుంది. వారం వారం 60 లీటర్ల నీళ్ళు తయారుచేసి, కలిపి, మోసే పని వేరే. పెద్ద ట్యాంక్‌వాళ్ళు స్కిమ్మర్ వైపో, నాచు వైపో చూడాల్సి వచ్చేది ఇక్కడే.

విశాఖలోనో కాకినాడలోనో ఉంటే సముద్రం నీళ్ళే తెచ్చుకుందామనిపిస్తుంది. ఒడ్డు దగ్గరి నీళ్ళలో వానలకి ఉప్పదనం పడిపోతుంది, కాలవల మురుగు కలుస్తుంది, ఓడరేవు దగ్గరైతే నూనె కూడా. కొత్తవాళ్ళకి వద్దనే చెబుతాను.

## మేత, ఫిల్టర్

ఖర్చులేని పద్ధతి కాబట్టే ఎవరూ పట్టించుకోరు. చేపలు అర నిమిషంలో తినేసేంత వేస్తే చాలు. ఫ్రోజెన్ మేత కరిగిన నీళ్ళు వంపేయడం మంచి అలవాటే కానీ, దానివల్ల నైట్రేట్‌లో పెద్ద తేడా రాదు. తేడా తెచ్చేది ఫిల్టర్ స్పాంజి. క్యానిస్టర్ ఫిల్టర్‌ని (ట్యాంక్ బయట పెట్టే మూత డబ్బా ఫిల్టర్) నెలల తరబడి తెరవకపోతే అందులో చిక్కిన మేత, రెట్ట అక్కడే కుళ్ళి నైట్రేట్‌గా బయటికొస్తాయి. ఫిల్టర్ దూది మూడు నాలుగు రోజులకోసారి మార్చండి. అంత తీరిక లేకపోతే దాన్ని తీసేయడమే మేలు.

## స్కిమ్మర్

స్కిమ్మర్ నైట్రేట్‌ని తీయదు. ప్రోటీన్ లాంటి సేంద్రియ పదార్థాన్ని అది కుళ్ళకముందే నురగలో పట్టి బయటికి తోస్తుంది. కాబట్టి ఇప్పటికే 50 ఉన్న ట్యాంక్‌లో పెట్టి మర్నాడు కిట్ చూస్తే నిరాశే. వారపు పెరుగుదల తగ్గడంలో దాని పని కనిపిస్తుంది. నీళ్ళలోకి గాలి బాగా కలుపుతుంది. మన వేసవికి ఆ లాభం చిన్నదేమీ కాదు. 80, 100 లీటర్ల నానో ట్యాంక్‌కి అమ్మే బుల్లి స్కిమ్మర్లు చాలావరకు చప్పుడెక్కువ, పని తక్కువ. ఆ డబ్బు ఉప్పుకి వాడుకోండి.

## నాచు

కీటోమార్ఫా అనే నాచు పచ్చటి తీగల చుట్టలా ఉంటుంది. సంప్‌లో ఒక గదిలో వేసి, పైన మంచి లైటు పెడితే నైట్రేట్, ఫాస్ఫేట్ తిని పెరుగుతుంది. రెండు వారాలకోసారి సగం తీసి పారేయాలి. తీసినప్పుడే నైట్రేట్ ట్యాంక్ నుంచి నిజంగా బయటికి పోయినట్టు. "బాగా పెరుగుతోంది కదా" అని ముచ్చటపడి ఉంచేస్తే లోపలి పొరలకి వెలుతురు అందక కుళ్ళుతాయి, తిన్నదంతా కక్కేస్తాయి.

దీని లైటు రాత్రిపూట వెలిగేలా టైమర్ పెట్టుకుంటే మంచిది. ట్యాంక్ లైట్లు ఆరాక పీహెచ్ పడిపోతుంది. ఆ సమయంలో నాచు కార్బన్ డయాక్సైడ్ తీసుకుంటూ దాన్ని కొంత నిలబెడుతుంది.

చిక్కేమిటంటే, కొత్త ట్యాంక్‌లో ఇది సరిగా అంటుకోదు. నైట్రేట్ 2, ఫాస్ఫేట్ సున్నా ఉన్నచోట నాచుకి తిండి ఏది? నైట్రేట్ 10 దాటి, ఫాస్ఫేట్ కూడా కాస్త ఉన్నప్పుడే మొదలుపెట్టండి. కౌలెర్పా అనే ఇంకో నాచు చూడ్డానికి అందంగా ఉంటుంది కానీ ఒక్కోసారి ఉన్నట్టుండి బీజకణాలు వదిలి, నీళ్ళని పాలలా చేసి చచ్చిపోతుంది. పారేసేటప్పుడు ఏ నాచునైనా ఎండబెట్టి చెత్తలో వెయ్యండి, కాలవలోనో సముద్రంలోనో కాదు. 1984లో మొనాకో తీరంలో కనిపించిన కౌలెర్పా టాక్సిఫోలియా అక్వేరియంల నుంచి వచ్చిన రకమే. మధ్యధరా తీరంలో అది తర్వాత ఎంత దూరం పాకిందో సముద్ర శాస్త్రవేత్తలకి బాగా తెలుసు.

## రాళ్ళు, ఇసుక

రాయి లోపలి సందుల్లో ప్రాణవాయువు అందని చోట కొన్ని బ్యాక్టీరియా నైట్రేట్‌ని నైట్రోజన్ వాయువుగా మార్చి గాల్లోకి వదిలేస్తాయి. విదేశీ పుస్తకాలూ వీడియోలూ లైవ్ రాక్ (బ్యాక్టీరియా నిండిన సముద్రపు రాయి) వాడమని చెప్పేది అందుకే. మన దగ్గర ఆ దారి వేరు. రాతి పగడాలన్నీ వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 కింద రక్షణలో ఉన్నాయి. మన తీరంలోంచి తీసిన పగడపు రాయిని ఎవరైనా చవగ్గా ఇస్తామంటే తీసుకోకండి. మామూలు డ్రై రాక్, రంధ్రాలున్న సిరామిక్ మీడియా వాడుకోవచ్చు. అయితే వాటి లోపల ఆ బ్యాక్టీరియా స్థిరపడడానికి నెలలు పడుతుంది. కొత్త ట్యాంక్‌లో నైట్రేట్ పెరగడానికి ఇదీ ఒక కారణమే, కొంత ఓపిక పడితే దానంతటదే మెరుగవుతుంది.

10 సెంటీమీటర్లు దాటిన లోతు ఇసుక కూడా ఇదే పని చేస్తుంది. కానీ అడుగున నల్లబడ్డ పొరలో హైడ్రోజన్ సల్ఫైడ్ చేరుతుంది. రెండేళ్ళ తర్వాత ఇల్లు మారాల్సి వచ్చి ఆ ఇసుక కదిపితే ఒక్క పూటలో చేపలు పోవచ్చు. అద్దె ఇంట్లో ఉండేవాళ్ళు 2, 3 సెంటీమీటర్ల ఇసుకతో సరిపెట్టుకోవడం మేలు.

## వెనిగర్

చవకైనది, నిజంగా పనిచేసేది, తప్పు చేస్తే అన్నిటికన్నా గట్టిగా దెబ్బకొట్టేది ఇదే. వెనిగర్‌లోని కార్బన్ తిని బ్యాక్టీరియా విపరీతంగా పెరుగుతుంది. పెరగడానికి నీళ్ళలోని నైట్రేట్, ఫాస్ఫేట్ వాడుకుంటుంది. ఆ బ్యాక్టీరియాని స్కిమ్మర్ బయటికి లాగాలి. స్కిమ్మర్ లేకుండా వెనిగర్ పోస్తే వ్యవహారం సగంలో ఆగిపోతుంది. వోడ్కా పోసేవాళ్ళు చేసేదీ ఇదే, కాకపోతే 1 మి.లీ. వోడ్కా దాదాపు 8 మి.లీ. వెనిగర్‌తో సమానం. కొలతలో చిన్న పొరపాటు జరిగినా తట్టుకునేది వెనిగరే కాబట్టి కొత్తవాళ్ళకి అదే నయం.

రంగు, రుచి కలపని తెల్ల వెనిగర్, లేబుల్ మీద ఆమ్లం 4 నుంచి 5 శాతం ఉన్నది తీసుకోండి. 100 లీటర్లకి రోజుకి 1 మి.లీ.తో మొదలుపెట్టి, ఆ రోజువారీ డోస్‌ని వారానికోసారి 1 మి.లీ. మించకుండా పెంచండి. ఉదయం లైట్లు వెలిగాక, నీళ్ళు బాగా తిరిగే చోట పోయాలి. నైట్రేట్ దిగడం మొదలవగానే పెంచడం ఆపేయాలి. నీళ్ళు తెల్లగా మసకబారితే ఆ రోజుకి డోస్ మానేసి, ఎయిర్ పంప్ పెట్టండి.

భయం ప్రాణవాయువు గురించే. ఈ బ్యాక్టీరియా దాన్ని గబగబా వాడేస్తుంది. నీళ్ళు వేడెక్కే కొద్దీ అందులో పట్టే ప్రాణవాయువు తగ్గుతుంది. మే నెలలో ట్యాంక్ 30 డిగ్రీలకి చేరి, మధ్యాహ్నం రెండు గంటలు కరెంట్ పోయిందంటే స్కిమ్మర్, పంపులు అన్నీ ఆగిపోతాయి. ఇన్వర్టర్ మీద ఒక పంపైనా నడవని ఇంట్లో, లేదా బ్యాటరీ ఎయిర్ పంప్ లేని ఇంట్లో వెనిగర్ జోలికి వెళ్ళొద్దు. ట్యాంక్ వయసు ఆరు నెలలు దాటకముందు కూడా వద్దు.

ఇంకో మాట. ఫాస్ఫేట్ పూర్తిగా సున్నా ఉంటే బ్యాక్టీరియా పెరగదు, ఎంత వెనిగర్ పోసినా నైట్రేట్ దిగదు. అలాంటప్పుడు డోస్ పెంచుకుంటూ పోవడం ప్రమాదం.

## షాపులో ఇచ్చే సీసాలు, పొట్లాలు

మంచినీటి ట్యాంక్ కోసం చేసిన నైట్రేట్ రెసిన్ పొట్లాలు ఉప్పునీళ్ళలో దాదాపు దండగ. సముద్రపు నీళ్ళలో క్లోరైడ్ లీటరుకు 19 గ్రాములు, సల్ఫేట్ 2.7 గ్రాములు ఉంటాయి. వాటి మధ్య 20 మిల్లీగ్రాముల నైట్రేట్‌ని ఏరుకోవడం రెసిన్ వల్ల కాదు. బ్యాక్టీరియా సీసాలు సైక్లింగ్‌లో అమ్మోనియాకి పనికొస్తాయి, నైట్రేట్‌కి వాటి మీద ఆశపెట్టుకోకండి. సల్ఫర్ రియాక్టర్ (గంధకం గుళికల మీద పెరిగే బ్యాక్టీరియాతో నైట్రేట్‌ని తీసే పరికరం) బలంగా పనిచేస్తుంది కానీ పీహెచ్‌నీ ఆల్కలినిటీనీ దించుతుంది. అది పెద్ద చేపల ట్యాంక్‌ని ఏళ్ళుగా నడిపినవాళ్ళ సరుకు.

## ఎవరు ఏది ఎంచుకోవాలి

అపార్ట్‌మెంట్‌లో 60 నుంచి 100 లీటర్ల ట్యాంక్, రెండు క్లౌన్ చేపలు, కొన్ని సాఫ్ట్ కోరల్స్: డీఐ నీళ్ళు, వారానికి 15-20 శాతం మార్పు. ఇంకేమీ కొనకండి.

250 లీటర్లలో టాంగ్‌లు, ట్రిగ్గర్లు లాంటి పెద్ద చేపలు మాత్రమే: వీటికి మేత ఎక్కువ వెయ్యక తప్పదు, కాబట్టి పెద్ద స్కిమ్మర్ ముందు. రెండు వారాలకోసారి 20 శాతం మార్పు, 40 లోపు ఉంటే తృప్తిపడండి. అంతకీ దిగకపోతే నాచు. ఆ నాచు మీద టాంగ్‌లకి కన్నుంటుంది, కాబట్టి ట్యాంక్‌లో కాకుండా సంప్‌లోనే పెంచాలి. కోసిన దాంట్లో కొంత వాటికే వెయ్యొచ్చు.

సంప్‌తో మిక్స్‌డ్ రీఫ్ (సాఫ్ట్ కోరల్స్, కొమ్మల కోరల్స్ కలిసినది): స్కిమ్మర్, నాచు కలిపి. రెండూ గట్టిగా నడిస్తే సున్నాకి పడే ప్రమాదం ఉంది కాబట్టి నాచు లైటుని రోజుకి 6 గంటలతో మొదలుపెట్టి, కిట్ చూస్తూ పెంచండి.

నెలలో పది రోజులు ఊళ్ళు తిరిగే ఉద్యోగమైతే వెనిగర్ అసలు వద్దు. ఆటో ఫీడర్‌ని తక్కువ మేతకి పెట్టి, చేపల సంఖ్యే తగ్గించుకోండి. ఇంట్లో అమ్మకో నాన్నకో మేత పని అప్పజెబితే, రోజువారీ మేతని ముందే చిన్న పొట్లాలుగా కట్టి ఇవ్వండి. పాపం ఆకలేస్తోందేమో అని వాళ్ళు వేసే ఇంకో చిటికెడే నెల తిరిగేసరికి కిట్‌లో కనిపిస్తుంది.

ఏది మొదలుపెట్టినా ఒకేసారి ఒకటే మార్చండి, నాలుగు వారాలు ఆగండి. నీళ్ళు మార్చే ముందు, వారంలో అదే రోజు, అదే కిట్‌తో కొలవండి. కోరల్స్ ఉన్న ట్యాంక్‌ని 50 నుంచి 5కి ఒక్క వారంలో దించకండి. చేపలు తట్టుకోవచ్చు, కోరల్స్ తట్టుకోవు. అనుకున్నదానికన్నా కిందికి పోయి 1 చూపిస్తే ముందు వెనిగర్‌ని సగం చేసి, తర్వాత వారం ఇంకో సగం తగ్గించండి. వెనిగర్ లేకపోతే నాచు లైటు రెండు గంటలు తగ్గించి, చేపలకి కాస్త ఎక్కువ మేత వెయ్యండి.